నాలుగడుగుల చెక్క మీద గూడ్స్ యార్డ్: పదకొండు వారాల లెక్క

మొన్న ఆదివారం రాత్రి పదిన్నరకి నా బొమ్మ రైలు యార్డులో ఇంజను మధ్యలో ఎక్కడా ఆగకుండా మూడు సైడింగుల్లోకీ (వ్యాగన్లు నిలిపే పక్క పట్టాల్లోకి) వెళ్లి వెనక్కొచ్చింది. ఇంత చిన్న మాట రాయడానికి పదకొండు వారాలు పట్టింది.

ఉండేది ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో. ఒకప్పుడు గ్రేట్ వెస్టర్న్ రైల్వే కార్ఖానా ఊరిది. బ్రిటిష్ రైల్వేస్ కోసం కట్టిన ఆఖరి ఆవిరి ఇంజను ఈవినింగ్ స్టార్ 1960 మార్చిలో ఇక్కడినుంచే బయటికొచ్చింది. అలాంటి పెద్ద ఇంజనుకి మా చిన్నగదిలో చోటెక్కడిది? బట్టల బీరువా పక్కన గోడకి మిగిలింది 1200 మి.మీ. పొడవు, 300 వెడల్పు. అందుకే బొమ్మ రైళ్లవాళ్లలో పేరున్న అలన్ రైట్ గారి ఇంగిల్‌నుక్ అనే షంటింగ్ ఆట ప్లాన్ పట్టుకున్నాను, అంటే వ్యాగన్లని ముందుకీ వెనక్కీ నడిపి వరస కట్టే ఆట. రెండే పాయింట్లు (బండిని ఒక పట్టా నుంచి ఇంకోదానికి మళ్లించేవి), మూడు సైడింగులు. ఒకదాంట్లో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింట్లో మూడేసి. మొత్తం వ్యాగన్లు ఎనిమిది. చీటీలు తీసి ఏ ఐదు ఏ వరసలో వస్తే ఆ వరసలోనే రైలు కట్టాలి. ఎనిమిదింట్లో ఐదింటి వరస అంటే 6720 రకాల రైళ్లు, నాలుగడుగుల చెక్క మీద.

కొలతలు కావలసినవాళ్లకి: పానియర్ ట్యాంక్ ఇంజను కప్లింగులతో సహా 130 మి.మీ., చిన్న వ్యాగన్ ఒక్కోటి 80. మన రైల్వేలో షంటింగ్ నెక్ అంటామే, ఇక్కడివాళ్లు హెడ్‌షంట్ అంటారు, పాయింట్లకి ఇవతల ఇంజను ముందుకీ వెనక్కీ ఆడే పట్టా ముక్క, అందులో ఇంజనూ మూడు వ్యాగన్లూ మాత్రమే పట్టాలి. నాది 385. ఇంకో 70 కలిపామా, నాలుగో వ్యాగన్ దూరిపోతుంది, ఆట చప్పబడిపోతుంది. చిన్న పాయింట్ ఒక్కోటి 185. సైడింగుల మొదట్లో పక్క వ్యాగన్లు ఒకదానికొకటి తగలకుండా కాస్త ఖాళీ వదలాలి. అదీ కలుపుకున్నా 1200లో సరిపోయింది.

కాలం 1958 అనుకున్నాను. ఇంజను 5700 తరగతి పానియర్ ట్యాంక్. 1929 నుంచి 1950 దాకా ఇవి 863 కట్టారు. వీటిలో బొగ్గు మండే బెల్‌పేర్ ఫైర్‌బాక్స్ పైభాగం చదునుగా పెట్టెలా ఉంటుంది, దానిమీద జీనులా ఉండే నీళ్ల తొట్టి సరిగ్గా కూర్చోదు. అందుకని ఎద్దు మీద పెరికెలా బాయిలర్‌కి రెండువైపులా తొట్లు వేలాడదీశారు. బ్రిటన్‌లో ఆవిరి 1968 ఆగస్టుతో అయిపోయిందని అందరూ అంటారు గానీ, లండన్ ట్రాన్స్‌పోర్ట్ కొనుక్కున్న కొన్ని పానియర్లు ఎర్రరంగు వేసుకుని 1971 దాకా పనిచేశాయి. నాది మాత్రం నల్లదే.

నా బొమ్మ రైలు కొలత ఓఓ గేజి, దాని గురించి ఒక్క మాట. అడుగుకి 4 మి.మీ. లెక్కన అసలు పట్టాల మధ్య ఉండే 4 అడుగుల 8½ అంగుళాల దూరం 18.83 మి.మీ. రావాలి. ఉన్నది 16.5. బ్రిటిష్ ఇంజన్లు అసలే చిన్నవి, ఆనాటి మోటార్లు 1:87 కొలత బాడీలో పట్టక బాడీని పెంచి పట్టాల మధ్య దూరాన్ని అలాగే వదిలేశారు. ఎదురునుంచి చూస్తే పెద్దమనిషి చిన్నపిల్లాడి చెప్పులేసుకున్నట్టుంటుంది. నేను పలకని కంటి ఎత్తులో బిగించి పక్కనుంచే చూస్తున్నా.

అసలు తిప్పలు పట్టాల్లోంచి ఇంజనుకి వచ్చే కరెంటుతో. షంటింగ్ అంటే మనిషి నడక వేగం. గంటకి 3 మైళ్లంటే ఈ కొలతలో సెకనుకి 17, 18 మి.మీ. జోరుమీదున్న ఇంజను మురికినీ ఖాళీలనీ ఊపుతో దాటేస్తుంది. పాకే ఇంజనుకి ఆ ఊపుండదు, కరెంటు రవ్వంత తప్పినా నిలబడిపోతుంది. అందుకని ఫ్రాగ్ (పాయింట్‌లో రెండు దారుల పట్టాలు వి ఆకారంలో కలిసే చోటు) కూడా లోహమే ఉన్న పాయింట్లు తెచ్చాను.

మూడోవారం, పట్టా ముక్క ప్రతిదానికీ విడిగా వైరు టంకం వేయాలని చదివి మొదలుపెట్టాను. ఆ రాత్రి ఐదు వ్యాగన్ల సైడింగు ఒక్కటే అయింది. పాయింట్ అటువైపు ఉన్నంతసేపు ఇంజను చక్కగా తిరిగింది. ఇటు మార్చగానే కరెంటిచ్చే కంట్రోలర్ దీపం టప్పున ఆరిపోయింది. కంట్రోలర్ పోయిందనుకుని రెండురోజులు దాన్ని అనుమానించాను. తప్పు నాదే. ఇలాంటి పాయింట్‌లో రెండు టంగ్ రైళ్లలో (దారి మార్చడానికి అటూఇటూ కదిలే పట్టాలు) ఏది పక్క పట్టాకి తగిలితే ఫ్రాగ్ మొత్తం ఆ పట్టా కరెంటునే తీసుకుంటుంది. అవతలనుంచి నేనిచ్చిన వైరు దానికి ఎదురు కరెంటు తెస్తోంది. ఫ్రాగ్ దాటాక ఆ వి ఆకారపు రెండు పట్టాలకీ ప్లాస్టిక్ ఫిష్‌ప్లేట్లు (పట్టాలు కలిపే అతుకులు) వేయాలి. నేనప్పటికే పట్టాలన్నీ అతికించేశాను. చివరికి మినీ డ్రిల్‌కి కటింగ్ డిస్క్ పెట్టి మిల్లీమీటరు సందు కోసి, అందులో ప్లాస్టిక్ షీటు ముక్క సూపర్‌గ్లూతో పెట్టి, పట్టా ఆకారానికి ఆకురాయితో అరగదీశాను. సందు ఖాళీగా వదలొద్దు. ఎండాకాలం గది వేడెక్కితే పట్టా సాగి మళ్లీ అంటుకుంటుంది.

ఇంత చేసినా బొగ్గు వ్యాగన్ ఒకటి రెండో పాయింట్ మీద ఎగురుతూనే ఉంది. వెర్నియర్‌తో కొలిస్తే రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య 14.1 వచ్చింది. 14.5 ఉండాలి. ఇరుసు మీద చక్రాన్ని మెల్లగా తిప్పుతూ లాగాను, ఎగరడం పోయింది.

బరువు కూడా చూడాలి. ఇరుసుకి 25 గ్రాముల చొప్పున వ్యాగన్‌కి 50 అనే లెక్క నాకు బాగా పనిచేసింది. మూత ఉన్న వ్యాన్ 29 తూగితే లోపల రెండు పెన్నీల నాణేలు మూడు అతికించాను, ఒక్కోటి 7.12 గ్రాములు. పట్టాల కింద అయస్కాంతం పెట్టి కప్లింగులు విప్పేవాళ్లు మాత్రం 1992కి ముందు నాణేలు ఏరుకోవాలి. తర్వాతవాటి లోపల ఉక్కు, అయస్కాంతం మీదికి రాగానే బండి అక్కడే అతుక్కుంటుంది.

కంకరకి పెద్దగా చెప్పేదేం లేదు. యార్డు కాబట్టి ఎక్కువ భాగం బూడిద, సిండరే. సన్నపాటి ముదురు పొడిని టీ వడపోతతో జల్లించి, నీళ్లు కలిపిన పీవీఏ జిగురులో గిన్నెలు తోమే లిక్విడ్ చుక్క వేసి డ్రాపర్‌తో వదిలాను. మొదటి పాయింట్ టంగ్ రైళ్లు కూడా అతుక్కుపోయాయి, అందరికీ అయ్యేదే. వాటికింద ముందే చుక్క నూనె రాసుంటే ఒక సాయంత్రం మిగిలేది.

కప్లింగులు విప్పడానికి అగరుబత్తి పుల్ల చివర పేపర్ క్లిప్ తీగ వంచి కట్టాను. నిజం యార్డుల్లో షంటర్లు, అంటే వ్యాగన్లు కలిపి విప్పేవాళ్లు, ఇలాగే కొక్కెం ఉన్న పొడుగు కర్రతో, బయటే నిలబడి మూడు లింకుల గొలుసు ఎత్తేవారు. మా తాతయ్య బిట్రగుంట యార్డులో షంటర్. అక్కడ స్క్రూ కప్లింగులు, బఫర్ల కింద దూరి విప్పాల్సిందే. ఆయన నడుం నొప్పి గురించి నాయనమ్మ చెప్పేది గుర్తొస్తుంది, ఈ పుల్ల పట్టుకున్నప్పుడల్లా.

ఆదివారం చీటీలు తీసింది మా అమ్మాయి. వచ్చిన వరస 7, 2, 5, 8, 1. ఏడో నంబరు పదహారు టన్నుల బొగ్గు వ్యాగన్, పక్కన తెల్ల ఏటవాలు గీత ఉన్నది. ఆ గీత వ్యాగన్ కొసన ఉండే తలుపు ఎటుందో చెప్పే గుర్తు. అది సరిగ్గా మూడో నంబరు వ్యాగన్ వెనకాల ఇరుక్కుని ఉంది.

“నాన్నా, చేత్తో తీసేయొచ్చుగా?”

“తీస్తే షంటర్ ఉద్యోగం పోతుందమ్మా.”

ముప్ఫై ఒక్క కదలికలకి రైలు తయారైంది. తను ఇరవై నాలుగులో చేసింది, లెక్క తనే పెట్టుకుంది కాబట్టి నాకు కొంచెం అనుమానం.

రెండో పాయింట్ కింద, టంగ్ రైలు తగలడం మీద ఆధారపడకుండా ఫ్రాగ్‌కి కరెంటిచ్చే మైక్రోస్విచ్ ఇంకా బిగించలేదు. అప్పటిదాకా టంగ్ రైలు లోపలి అంచుని ఐపీఏలో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ముంచిన అగ్గిపుల్లతో రెండురోజులకోసారి తుడుస్తున్నాను.