కరెంటు ఒక్కటే దిక్కయిన ఇంట్లో చలికాలం లెక్క

మా ఇంటికి గ్యాస్ లైను లేదు. వంట, వేడినీళ్లు, చలికాలంలో గదులు వెచ్చబెట్టడం అన్నీ కరెంటుతోనే. గదుల్లో గోడ అడుగున పొడవుగా ఉండే బేస్‌బోర్డ్ హీటర్లు ఇల్లు కట్టినప్పటివి. వాటిని మార్చాలనే మాట వచ్చినప్పుడల్లా మా ఆయన నూనె నింపిన రేడియేటర్ల వైపు మాట్లాడతారు. ఆపేశాక కూడా కాసేపు వేడిగా ఉంటుంది కాబట్టి కరెంటు తక్కువ తాగుతుందట.

ఆ వేడి ఎక్కడిదండీ? అదీ మీటరు తిరిగితే వచ్చిందే కదా! నూనెదైనా, ఫ్యానుదైనా, సిరామిక్‌దైనా, 1500 వాట్ల హీటర్ గంటసేపు పూర్తిగా వెలిగితే ఒకటిన్నర యూనిట్ కాలుతుంది, ఒకటిన్నర యూనిట్ వేడి వస్తుంది. డబ్బా మీద 'ఎనర్జీ సేవర్' అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా అంతే. చప్పుడు చేస్తుందా, గది త్వరగా వేడెక్కుతుందా, ఎదురుగా కూర్చున్నవాళ్లకి నేరుగా సెగ తగులుతుందా అన్నవే తేడాలు. ఈ రకం వాటితో ఆదా కావాలంటే వేడిచేసే చోటు తగ్గించుకోవాలి. రాత్రంతా పడకగదిని వేడిచేసే బదులు 100 వాట్ల కరెంటు దుప్పటి కప్పుకుంటే ఎనిమిది గంటలకి ఒక్క యూనిట్ కూడా కాదు.

హీట్ పంప్ సంగతి వేరు. అది వేడిని పుట్టించదు, బయట ఉన్నదాన్ని లోపలికి తోడుతుంది. ఏసీని తిరగేసి నడిపినట్టే. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు, తర్వాత లార్డ్ కెల్విన్ అయిన విలియం థామ్సన్ 1852లోనే చెప్పాడు. బయట 7 డిగ్రీలున్నప్పుడు మంచి హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల పైనే వేడి ఇస్తుంది. చలి పెరిగేకొద్దీ, బావిలో నీళ్లు అడుక్కి పోయినప్పుడు చేదడం కష్టమైనట్టు, దాని పని కష్టమవుతుంది. మైనస్ 15 దగ్గర రెండు యూనిట్లు రావచ్చు, ఇంకా తగ్గవచ్చు. తగ్గినా మామూలు హీటర్ కంటే నయమే.

మరి ఎంత పెద్దది పెట్టించుకోవాలి? ఇక్కడ మాలాంటి ఇళ్లవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. బేస్‌బోర్డ్ హీటర్లలో కాలిన ప్రతి యూనిట్ వేడిగానే గదిలోకి వస్తుంది కాబట్టి, కరెంటు బిల్లే ఇంటి వేడి లెక్క. మాకు బాగా చలి నెలలో 2100 యూనిట్లు వస్తాయి. హీటరూ ఏసీ రెండూ అక్కర్లేని నెలలో 600. తేడా 1500. రోజుకి 50 యూనిట్లు, అంటే సగటున రెండు కిలోవాట్లకి కాస్త ఎక్కువ. ఆ నెలలో బయట సగటు 2 డిగ్రీలు, లోపల 20, అంటే 18 డిగ్రీల తేడాకి ఇంత వేడి పోతోంది. మైనస్ 15 రాత్రికి తేడా 35 అవుతుంది, కావలసింది దాదాపు నాలుగు కిలోవాట్లు. వేడినీళ్లకి చలికాలంలో కాస్త ఎక్కువ కాలుతుంది కాబట్టి ఇది మోటు లెక్కే, కానీ పెట్టెలు అమ్మేవాళ్లతో మాట్లాడటానికి చాలు.

ఒకాయన వచ్చి, చదరపు అడుగులు మాత్రం అడిగి, దీనికి రెట్టింపు పైన ఉన్నది రాసిచ్చాడు. బిల్లులు చూపిస్తానంటే అక్కర్లేదన్నాడు. మరీ పెద్దదైతే తక్కువ చలి రోజుల్లో మాటిమాటికీ ఆగుతూ నడుస్తూ ఉంటుంది. కరెంటూ వృథా, కంప్రెసర్‌కీ చేటు. తర్వాత వచ్చినవాళ్లని ముందుగా ఒకటే అడిగాను: మైనస్ 15 దగ్గర ఇది ఎన్ని కిలోవాట్ల వేడి ఇస్తుంది? పెట్టె మీద ఉండే అంకె మామూలు చలికి సంబంధించినది. అసలు చలిలో ఎంతో కంపెనీవాళ్ల డేటా షీట్‌లో ఉంటుంది. అది తెరిచి చూపించినవాళ్లతోనే బేరం సాగించాను.

భూమిలో గొట్టాలు దించే రకం కూడా చూశాం. లోతున మట్టి వేడి పెద్దగా మారదు కాబట్టి అది ఎంత చలిలోనైనా స్థిరంగా పనిచేస్తుంది. కానీ తవ్వకం ఖర్చు మా చిన్న ఇంటి ఆదాతో ఎప్పటికీ తీరదు. వదిలేశాం.

చివరికి తేలింది ఇది: హాల్లో ఒకే ఇండోర్ పెట్టె ఉన్న హీట్ పంప్. పడకగదుల్లో పాత హీటర్లు అలాగే. ప్రతి గదికీ ఒక పెట్టె పెట్టిస్తే ఖర్చు బాగా పెరుగుతుంది. పైగా ఒకే గదికి కొంచెం వేడి కావలసినప్పుడు, బయట ఉన్న పెద్ద కంప్రెసర్ అంత తక్కువకి దిగలేదు. ఇంటి వేడిలో మూడింట రెండొంతులు హాలుదే మోస్తే, ఆ వెయ్యి యూనిట్ల వేడికి సుమారు 400 యూనిట్ల కరెంటు చాలు. మిగతా 500 పాత హీటర్లవి. 1500 బదులు 900. మిగిలే 600 యూనిట్లని మీ యూనిట్ ధరతో హెచ్చవేసి, చలి నెలలన్నీ కలిపి, పెట్టించే ఖర్చుని దాంతో భాగిస్తే ఎన్నేళ్లలో తీరుతుందో తెలుస్తుంది. ఆ జవాబు మీకు నచ్చకపోతే పెట్టించకండి, అందులో టెన్షన్ పడేదేమీ లేదు.

అయితే ఈ లెక్కకంటే ముందు అటక తలుపు, వీధి తలుపు కింది సందు చూసుకోవాలి. గాలి వీచే రోజు అగరుబత్తి వెలిగించి పట్టుకుంటే పొగ వంగిన చోటల్లా చలి దూరుతున్నట్టే. రబ్బరు పట్టీకి అయ్యే ఖర్చు ఎంత! దీంతో కావలసిన పంపు సైజు కూడా తగ్గుతుంది.

వాడకంలో అలవాటు మార్చుకోవలసింది ఒకటుంది. బేస్‌బోర్డ్ హీటర్‌ని ఎంతసేపు తగ్గించి పెడితే అంత ఆదా. హీట్ పంప్‌ని మాత్రం రాత్రి బాగా తగ్గించి పొద్దున్నే ఒక్కసారి పెంచితే, అది పూర్తి బలంతో నడిచి ఆ ఆదాని కొంత తినేస్తుంది. సాయానికి లోపల హీటర్ కాయిల్ ఉన్న రకమైతే అదీ వెలుగుతుంది, అప్పుడు మళ్లీ యూనిట్‌కి యూనిటే. అందుకని మేము హాల్లో ఒకే అంకె మీద వదిలేస్తాం, పడకగదుల్లో మాత్రం ఎవరి థర్మోస్టాట్ వాళ్లిష్టం. మా ఆయన గదిలో నూనె రేడియేటర్ ఇంకా ఉంది. హీట్ పంప్ బయటి పెట్టెని మంచు పేరుకున్నా మునగనంత ఎత్తులో స్టాండ్ మీద పెట్టించాం. మధ్యమధ్య అది మంచు కరిగించుకుంటూ ఆవిరి వదులుతుంది, అప్పుడు కొన్ని నిమిషాలు లోపలికి వేడి రాదు. అది చెడిపోయిందని మెకానిక్‌కి ఫోన్ చేయకండి.