జపాన్ 1948 చట్టంలోని మొదటి వాక్యం

యుద్ధానంతర జపాన్‌లో గర్భస్రావం చట్టబద్ధమైన తీరు గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు, అది ప్రధానంగా స్త్రీలు సాధించుకున్నదే అయివుంటుందని అనుకున్నాను. 1948 నాటి సుప్రజనన (యూజెనిక్స్, అంటే ‘మెరుగైన’ సంతానమే పుట్టాలనే వాదం) పరిరక్షణ చట్టంలోని మొదటి సెక్షన్ చూశాక ఆ అభిప్రాయం నిలవలేదు. ‘నాసిరకం’ సంతానం పుట్టకుండా నివారించడం, తల్లి ప్రాణాన్నీ ఆరోగ్యాన్నీ కాపాడడం అనే రెండు ఉద్దేశాలనూ ఆ సెక్షన్ సరిగ్గా అదే వరుసలో చెబుతుంది.

అంతకు ఏడేళ్ల ముందు, ఒక్కో జంటకు సగటున అయిదుగురు పిల్లలుండాలనీ, 1960 నాటికి జనాభా పది కోట్లకు చేరాలనీ లక్ష్యం పెట్టుకున్న దేశమది. ఓటమితో లెక్క తిరగబడింది. వలస ప్రాంతాల నుంచీ యుద్ధరంగాల నుంచీ అరవై లక్షల మందికి పైగా తిరిగివచ్చారు. తిండికీ ఇళ్లకూ కటకటగా ఉన్న 1947లోనే 26 లక్షలకు పైగా పిల్లలు పుట్టారు. 1949లో ఆర్థిక ఇబ్బందిని కూడా గర్భస్రావానికి తగిన కారణంగా చేర్చారు. 1952లో సమీక్షా సంఘం అనుమతి అక్కర్లేదని, గుర్తింపు పొందిన డాక్టరు నిర్ణయమే చాలునని సవరించారు. 1955లో నమోదైన గర్భస్రావాలు పదకొండు లక్షలు దాటాయి. అయినా గర్భస్రావాన్ని నేరంగా చూసే 1907 నాటి శిక్షాస్మృతి నిబంధనలను మాత్రం ఎవరూ తొలగించలేదు కనుక, స్త్రీకి దక్కినది హక్కు కాదు, మినహాయింపు. (గర్భనిరోధక మాత్రకు అక్కడ అనుమతి వచ్చింది 1999లో, వయాగ్రాకూ అదే ఏడాది వచ్చింది, అదీ దరఖాస్తు చేసిన కొద్ది నెలలకే.)

ఇదే చట్టం కింద సుమారు 25 వేల మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. వారిలో దాదాపు 16,500 మంది సమ్మతి లేకుండానే ఆ కోతకు గురయ్యారు.

నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసినది 1972 నాటి సవరణ బిల్లు. ఆర్థిక కారణాన్ని తీసివేసి, పిండంలో వైకల్యాన్ని కొత్త కారణంగా చేర్చాలన్నది ప్రభుత్వ ప్రతిపాదన. కనాలా వద్దా అన్నది తమ నిర్ణయమని స్త్రీల సంఘాలు ఎదురు నిలిచాయి. ఆ నిర్ణయంలో మాలాంటి వారిని కనకపోవడం కూడా ఉందా అని సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే వైకల్యం) ఉన్నవారి సంఘం ఆ స్త్రీల సంఘాలనే నిలదీసింది. ఆ ప్రశ్నను దాటవేయకుండా, కనగలిగే సమాజం, కనాలనిపించే సమాజం కావాలంటూ స్త్రీలు తమ నినాదాన్నే మార్చుకోవడం నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అత్యంత నిజాయితీ గల ఘట్టం. 1974లో బిల్లు వీగిపోయింది.

సుప్రజనన నిబంధనలను 1996లో తొలగించారు. నిర్బంధ ఆపరేషన్లు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 జూలై 3న తీర్పు చెప్పి, బాధితులు పరిహారం కోరడానికి ఉన్న ఇరవై ఏళ్ల గడువు దాటిపోయిందన్న ప్రభుత్వ వాదనను తోసిపుచ్చింది. 1996లో మాతృ సంరక్షణ చట్టమని పేరు మారిన ఆ శాసనంలో, గర్భస్రావానికి భర్త సమ్మతి కావాలన్న నిబంధన మాత్రం అలాగే మిగిలింది.