ముందు ఎవరి కుంచమో అడగండి: బీట్ ఆఫీసర్ ప్రిపరేషన్‌లో నాకు తెలిసొచ్చిన సంగతి

ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పరీక్షకు చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. సిలబస్ అందరి దగ్గరా ఉంది కాబట్టి దాని జోలికి పోను. మొదటిసారి నన్ను ముంచిందీ, రెండోసారి స్క్రీనింగ్ దాటించిందీ ఒకే టాపిక్. అడవుల లెక్కలు. అదొక్కటే చెబుతాను.

మాది సోంపేట దగ్గర ఊరు. మొదటిసారి ఒక కోచింగ్ సెంటర్ మెటీరియల్ కొని అంకెలన్నీ బట్టీ పట్టాను. దేశంలో అడవి ఎంత శాతం అంటే ఒక పేజీలో 21.76, ఇంకో పేజీలో 25.17 అని ఉంది. అచ్చుతప్పు అనుకుని చిన్న అంకెను కొట్టేశాను. తీరా చూస్తే రెండూ నిజమే. దేశంలో అడవుల్ని కొలిచే కేంద్ర సంస్థ ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2023 నివేదికలో మొదటిది అటవీ విస్తీర్ణం ఒక్కటే, రెండోది అడవి బయటి చెట్లను కూడా కలిపిన లెక్క. పరీక్షలో ఇలాంటి చోటల్లా తడబడ్డాను. తప్పుకు మూడో వంతు మార్కు కోత ఉండనే ఉంది. పోయింది.

మా నానమ్మ ధాన్యం అప్పిచ్చేటప్పుడు ఎన్ని కుంచాలని అడిగేది కాదు, ఎవరి కుంచమని అడిగేది. ఆ ప్రశ్న నాకు రెండేళ్లు ఆలస్యంగా గుర్తొచ్చింది.

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా కుంచం ఇది: కనీసం ఒక హెక్టారు నేల ఉండాలి, ఉపగ్రహ చిత్రంలో పైనుంచి చూస్తే చెట్ల గుబురు అందులో 10 శాతమైనా కప్పాలి. ఆ నేల ఎవరిదన్నది, అక్కడ ఏ చెట్టున్నదన్నది చూడరు. 70 శాతం దాటితే చాలా దట్టమైనది, 40 నుంచి 70 వరకు ఓ మోస్తరు, 10 నుంచి 40 వరకు పలచనిది. ఇది చదివి ఉద్దానంలో మా బాబాయి జీడితోట గుర్తొచ్చి ఫోన్ చేశాను.

"బాబాయ్, లెక్క ప్రకారం మన తోట అడవే."

"అడవైపోనాదా? అయితే రేపు కొమ్మ కొట్టాలంటే ఎవడి పర్మిషన్ కావాలేటి?"

కొమ్మకు పర్మిషన్ అక్కర్లేదు. రికార్డుల్లో అడవిగా రాసి ఉన్న నేల వేరు, ఉపగ్రహానికి చెట్లు కనిపించే నేల వేరు. బాబాయి తోట రెండో రకం. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ లెక్కలోనైతే అదే తోట అడవి కానే కాదు. వాళ్లు అర హెక్టారు, 5 మీటర్ల ఎత్తు, 10 శాతం గుబురు చాలంటారు గానీ పండ్ల తోటల్ని తీసేస్తారు.

ఆ ఆదివారమే టైలర్ టేపు పట్టుకుని తోటకు వెళ్లాను. చెట్టు చుట్టుకొలతను ఛాతీ ఎత్తులో కొలవాలని చదివాను కదా, గట్టు మీది మామిడిని నేను కొలిస్తే 92 సెంటీమీటర్లు, బాబాయి కూతురు కొలిస్తే 97. మళ్లీ కొలిచినా అంతే. తర్వాత వెలిగింది, ఎవరి ఛాతీ దగ్గర వాళ్లు కొలుస్తున్నాం! అది నాకన్నా జానెడు పొట్టి. మన దేశంలో ఛాతీ ఎత్తు అంటే నేల నుంచి 1.37 మీటర్లు, కొలిచే మనిషితో పని లేదు. వాలు మీదుంటే ఎగువ వైపు నుంచి చూడాలి. జీడిచెట్టు దగ్గర ఇంకో తంటా. మోకాలెత్తులోనే మూడుగా చీలింది. ఆ ఎత్తుకు కిందే చీలితే దేనికది వేరే చెట్టుగా కొలవాలి. నేను ఒకటని రాసుకున్నాను, చెల్లి మూడని రాసింది. దానిదే రైటు. బాబాయి ఒక కర్రను 1.37 దగ్గర నరికి ఇచ్చాడు.

సుస్థిర అటవీ యాజమాన్యం, అంటే అడవిని వాడుకుంటూనే తర్వాతి తరాలకూ నిలుపుకోవడం, అన్న పాఠమంతా ఆ కర్రే. 1992 రియో సదస్సు తర్వాత దేశాలు కలిసి ప్రమాణాలు (ఏమేం చూడాలి), సూచికలు (దాన్ని దేంతో కొలవాలి) రాసుకున్నది ఇందుకే, అందరూ ఒకే కర్రతో కొలవాలని. అలా కలిసిన ఒక గుంపు మాంట్రియల్ ప్రాసెస్‌లో ఇప్పుడు 12 దేశాలు, 7 ప్రమాణాలు. సూచికలు మొదట 67, తర్వాత 54కు తగ్గించారు. అందులో మనం లేము, ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. మనది భోపాల్-ఇండియా ప్రాసెస్, 8 ప్రమాణాలు, మొదట్లో 43 సూచికలు. విస్తీర్ణం అందులో ఒక్క ప్రమాణమే. మట్టి, నీరు, జీవవైవిధ్యం, దిగుబడి వంటివాటితో పాటు జనం సామాజిక, సాంస్కృతిక, ఆధ్యాత్మిక అవసరాలు కూడా ఉన్నాయి. ఈ చివరిది నాకు ఎక్కలేదు. సీతంపేట వైపు ఫ్రెండ్ వాళ్లింటికి వెళ్తే వాళ్లమ్మ అంది, "అడ్డాకులకి ముందు గంట నడిస్తే చాలు, ఇప్పుడు పూటంతా." ఉపగ్రహానికి ఆ కొండ పచ్చగానే కనిపిస్తుంది.

సీతంపేట అంటే గుర్తొచ్చింది. 2022 ఏప్రిల్‌లో అది పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది (మా నోటికి ఇంకా శ్రీకాకుళమే). 13 జిల్లాల నాటి పట్టికను కొత్తదాని పక్కన పెట్టి శ్రీకాకుళంలో అడవి తగ్గిందని రాశారో, అయిపోయారు. తగ్గింది అడవి కాదు, జిల్లా.

తేదీ కూడా చూడండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. 2019 నివేదికలో అది కనిపించదు, ఎందుకంటే దానికి వాడిన చిత్రాలు 2017 చివరివి. అలాగే 2023 నివేదిక చిత్రాలు 2021వి. అందుకే నా నోట్సులో ప్రతి అంకె పక్కన మూడు మాటలు రాసుకున్నాను: ఏం కొలిచారు, ఎవరు, ఎప్పటి చిత్రం. పేజీలు సగానికి తగ్గాయి.

నడక పరీక్షకు మాత్రం షార్ట్‌కట్ లేదు. మగవాళ్లకు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లకు 16. కొత్త బూట్లతో వెళ్లకండి, నాకు పద్నాలుగో కిలోమీటరు దగ్గరే మడమ ఒలిచేసింది.

కర్ర ఇప్పుడు బాబాయి దగ్గరే ఉంది. తోటలో కోతుల్ని అదిలించడానికి వాడుతున్నాడు. కింద కాస్త అరిగింది, కొలతకి ఇక పనికి రాదు.