ఎవరికి ఏ కుర్చీ?

మన బడిలో బైబిలు క్లాసు వదలకుండా విన్నవాళ్లకు మత్తయి సువార్త 18వ అధ్యాయం తొలి వచనాలు ఇప్పటికీ నోటికి వస్తాయి: మీరు మారి బిడ్డలవంటివారైతేనే పరలోకరాజ్యంలో ప్రవేశిస్తారని యేసు శిష్యులతో అన్న మాటలవి. బిడ్డలవంటివారు కావడమంటే కల్లాకపటం లేకుండా ఉండటమని చాలామంది సరిపెట్టుకుంటారు. ఒక్క బొమ్మ కోసం ఇద్దరు పిల్లలు జుట్టూ జుట్టూ పట్టుకోవడం చూసినవాళ్లు ఆ మాట నమ్మరు.

అసలు సందర్భం మార్కు 9వ అధ్యాయంలో ఉంది. తమలో ఎవరు గొప్ప అని శిష్యులు దారి పొడవునా వాదించుకున్నారు. కపెర్నహూములో ఇంటికి చేరాక యేసు అడిగితే నోరు మెదపలేదు. అప్పుడాయన ఒక బిడ్డను మధ్యలో నిలబెట్టి ఎత్తుకున్నాడు. ఆనాటి రోమా లోకంలో అక్కర్లేని పసికందును బయట వదిలేసినా అడిగే నాథుడు లేడు. బిడ్డకు ఆస్తి లేదు, పలుకుబడి లేదు, తిరిగి విందు పెట్టే స్తోమత లేదు. ఆకలేస్తే మాత్రం అర్హతలు ఏకరువు పెట్టకుండా చెయ్యి చాపుతుంది. దేవుని ముందు మన స్థితీ అంతే. అలాగని ఆలోచన మానుకోమని కాదు; బుద్ధి విషయంలో పెద్దవాళ్లు కండని పౌలే కొరింథీయులకు రాశాడు.

ఇలాంటి బిడ్డను చేర్చుకుంటే నన్ను చేర్చుకున్నట్టేనని యేసు అక్కడే అన్నాడు. ఆ చేర్చుకోవడం దగ్గరే చిక్కంతా. బంగారు ఉంగరం వాడికి మంచి చోటు చూపి, మాసిన బట్టలవాణ్ణి నిలబెట్టే సంఘాన్ని యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో కడిగేశాడు. 3వ శతాబ్దపు సిరియా సంఘనియమాలు, దిదస్కాలియా, ఇంకా ముందుకెళ్లాయి: గొప్పవాడు వస్తే బిషప్పు ప్రసంగం ఆపకూడదు, బీదవాడు వచ్చి చోటు లేకపోతే తాను నేల మీద కూర్చునైనా చోటివ్వాలి.

ఇప్పుడు చేయాల్సిందీ కుర్చీ దగ్గరే మొదలవుతుంది. చర్చికి కొత్తగా వచ్చినవారిని గుమ్మంలో నవ్వి వదిలేయకుండా మధ్య వరుసకు తీసుకెళ్లి పక్కనే కూర్చోవాలి. మైకులో పరిచయం, సాయం అందుకుంటున్న ఫోటో, దేవుడు తనకేం చేశాడో వెంటనే అందరి ముందు సాక్ష్యం చెప్పమనడం, ఈ మూడూ మనిషిని చిన్నబుచ్చుతాయి. కొన్ని వారాలకల్లా వాక్యం చదవడమో, కానుకలు పట్టడమో ఏదో ఒక పని అప్పగించాలి. ఎప్పుడూ పుచ్చుకునే చోటే ఉంచితే ఎన్నేళ్లయినా చుట్టంగానే మిగిలిపోతారు. (కమిటీలకు ఇది కొరుకుడు పడదు. దుప్పట్లు పంచినంత తేలిక కాదు కదా!)

పిల్లలతోనైతే వంగి, కళ్లలోకి చూసి ఒక్క ప్రశ్న అడిగి, జవాబు మనమే పూరించకుండా ఆగాలి. క్లాసులో ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి, తలుపు తెరిచే ఉండాలి. ఈ చిన్నవాళ్లలో ఒకరికి ఆటంకం కలిగించేవాడి మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచడమే మేలన్న మాట వచ్చింది కూడా ఆ మత్తయి 18వ అధ్యాయంలోనే.

మన పూర్వ విద్యార్థుల సమావేశానికీ ఇది వర్తిస్తుంది. పాసైనవాళ్ల జాబితా చూసి పిలిస్తే చదువు మధ్యలో మానేసినవాళ్లు తప్పిపోతారు. అడ్మిషన్ రిజిస్టరు తీయండి. వాళ్లకు కార్డు చాలదు, కూడా చదివినవాళ్లే ఫోన్ చేయాలి. చందా సంగతి ఆ ఫోన్లో ఎత్తకండి.