ఆ పిట్ట నాది కాదమ్మా

"అది నీ పిట్టమ్మా, నాది కాదు" అంది నా తొమ్మిదేళ్ల కూతురు, పెన్సిల్ చెక్కుకుంటూనే.

ఎండాకాలం సెలవులకు విదేశం నుంచి మా ఊరు బద్వేలు వచ్చాం. అంతరించిపోతున్న జీవుల మీద బొమ్మ వేసి తెమ్మని అక్కడ తన స్కూల్లో చెప్పారు. తను ధ్రువపు ఎలుగుబంటి అంది. నేను మన కలివికోడి వెయ్యమని మూడు రోజులు పట్టుబట్టాను.

కథలా చెప్పి చూశాను. 1848లో జెర్డాన్ అనే దొరల కాలపు డాక్టరు వల్ల లోకానికి తెలిసిన పిట్ట ఇది. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, ఇక లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో, బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ వచ్చి వెతుకుతున్న రోజుల్లో, రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే ఆయన రాత్రిపూట ఒక పిట్టను పట్టుకున్నాడు. పాపం, అది బతకలేదు. కానీ దానివల్లే లంకమల అభయారణ్యమైంది, తెలుగుగంగ కాలువ దారి మార్చారు. పొదలు మరీ దట్టంగా ఉన్నా, మొత్తం నరికేసినా ఆ పిట్ట ఉండలేదు. ముళ్లకంపల మధ్య పరుగెత్తడానికి కాస్త ఖాళీ నేల కావాలి దానికి.

అంతా విని, "నువ్వు చూశావా?" అంది.

చూడలేదు. పద్దెనిమిదేళ్లు ఇక్కడే పెరిగాను, లంకమల పక్కనుంచే బస్సులో కడపకు వెళ్లొచ్చేదాన్ని. కలివికోడి పేరు మాత్రం మొదటిసారి విన్నది దేశం దాటాక, ఫోన్‌లో చదివి. మా నాన్నను అడిగితే, "యాడ సూస్తాం మా, మనం పండుకున్యాక తిరిగే పిట్ట అది" అన్నాడు.

పిల్లలకు ఊరి కథలు చెబితే వాళ్లే ఊరికి దగ్గరవుతారని అక్కడి స్నేహితులకు చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ మాట అనడానికి నోరు రావడం లేదు. పని తొందరలో ఉంటే నేనే నా కూతురితో ఇంగ్లీషులో మాట్లాడతాను. నేను పట్టించుకోనిదంతా తను దాచుకోవాలని మాత్రం కోరుకుంటాను. అలా కోరడం తప్పా? ఇప్పటికీ తప్పనిపించడం లేదు. ఆ పిట్ట పోతే నాకు నిజంగా బాధేస్తుంది.

నాలుగో రోజు ఎలుగుబంటినే వేసింది. కాళ్ల కింద మంచుపలక చిన్నదిగా వేసి, "ఇది కూడా కరిగిపోతే ఎక్కడ నిలబడుతుందమ్మా?" అని అడిగింది. తను అడిగేటప్పుడు గొంతు వణికింది.

ఎలుగుబంటే ఎందుకు కావాలని ఆ మూడు రోజుల్లో నేను ఒక్కసారి కూడా అడగలేదు.