బావకి తాళాలు, నాకు పక్క సీటు

"ఐడీపీ ఉందా సార్?" అని దుబాయ్‌లో అద్దె కార్ల కౌంటర్లో అమ్మాయి అడగడమే ఆలస్యం, గుంటూరు ఆర్టీవోలో 1000 రూపాయలు కట్టి తెచ్చుకున్న ఆ చిన్న ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ పుస్తకం, మన లైసెన్సు, పాస్‌పోర్టు అన్నీ టకటకా బల్ల మీద పెట్టేశాడు బావ. ఒట్టి మన లైసెన్సు చూపిస్తే ఇక్కడ కారివ్వరు, లైసెన్సు లేకుండా ఐడీపీ ఒక్కటీ చెల్లదు.

తమాషా ఏంటంటే, దుబాయ్‌లో కాపురముండేది నేను! రెసిడెన్స్ వీసా పడ్డాక ఐడీపీ పనికిరాదు, ఇక్కడి లైసెన్సే కావాలి, నాకేమో ఇంకా క్లాసులే నడుస్తున్నాయి. చుట్టపుచూపుగా వచ్చినాయన మాత్రం షేక్ జాయెద్ రోడ్డు మీద దర్జాగా స్టీరింగ్ తిప్పుతున్నాడు.

"కుడి పక్కకి బావా, కుడి పక్కకి" అని నేను టెన్షన్‌తో అరిస్తే, "ముందు నువ్వు పాసవ్వు బామ్మర్దీ" అంటాడు. ఆయన పుస్తకానికి ఏడాది గడువుంది, ఆలోపు నాది వస్తే గొప్పే.