గుత్తి దాకా వినిపించిన మోత

కర్నూలు దాటి ఉలిందకొండ సమీపిస్తుండగా స్పీడు 80 దాటింది. వెనక సీట్లో ఉన్న మా అమ్మాయి ఇయర్‌ఫోన్లు తీసేసి, "నాన్నా, మొదలైంది" అంది. నాకూ వినిపించింది. తేనెపట్టు దగ్గర నిలబడితే వచ్చే మోతలాంటిది. 90కి వెళ్తే పెరుగుతుంది, 70కి దిగితే మాయమవుతుంది.

అమ్మాయిని అనంతపురం జేఎన్‌టీయూ హాస్టల్లో దించడానికి నేనూ మా ఆవిడా బయల్దేరాం. దారిలో గుత్తిలో మా మామగారిని ఎక్కించుకోవాలి. సుమారు 150 కిలోమీటర్ల దారి. మాది వెనక చక్రాలకు పవర్ వెళ్లే పాత డీజిల్ బండి. అంటే వెనకవైపు అనుమానించాల్సినవి చాలా ఉంటాయి: ఇంజిన్ బలాన్ని వెనక్కి మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్, దాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్, చక్రం ఇరుసును మోసే యాక్సిల్ బేరింగులు, టైర్లు. కర్నూలులో ఒక గ్యారేజీవాళ్లు ఊళ్లోనే ఒక రౌండు కొట్టి, "క్రౌన్ పోయింది, సెట్టు మొత్తం మార్చాలి" అని, అంటే డిఫరెన్షియల్ లోపలి పెద్ద పళ్లచక్రం పాడైందని, వేలల్లో లెక్క చెప్పారు. 80 దాటితే తప్ప రాని శబ్దం కొండారెడ్డి బురుజు చుట్టూ తిరిగితే ఎలా తెలుస్తుంది? అందుకే ఈ ప్రయాణంలోనే సంగతి తేల్చుకోవాలనుకున్నాను. దానికి 44వ నంబరు జాతీయ రహదారి కంటే మంచి చోటు లేదు. 2010లో నంబర్లు మార్చేదాకా ఇది ఏడో నంబరు రోడ్డు, మా పెద్దవాళ్లకు ఇప్పటికీ అంతే. తెల్లవారుజామున లారీలు పలచబడతాయి, కిలోమీటర్ల కొద్దీ తిన్నగా ఉంటుంది.

శబ్దాన్ని పట్టుకోవాలంటే ఒకసారికి ఒక్కటే మార్చి వినాలి. ముందు అద్దాలన్నీ ఎక్కించాం. రోడ్డు పక్కన ఆపి డిక్కీలోని జాకీని, స్పానర్ల సంచిని బట్టల మూటల మధ్య బిగించాం. మోత పోలేదు. వెల్దుర్తి దాటాక ముందూ వెనకా బండ్లు లేని చోట 90లో న్యూట్రల్ చేశాను. ఇంజిన్ మాత్రం ఆపలేదు, ఆ పని ఎవరూ చేయకూడదు. ఆపితే స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకు బలం తగ్గుతుంది. ఇంజిన్ తిరుగుడు ఒక్కసారిగా పడిపోయింది కానీ మోత అలాగే ఉంది, బండి వేగం తగ్గేకొద్దీ మెల్లగా తగ్గింది. అంటే ఇంజిన్, సైలెన్సర్ లెక్కలోంచి పోయినట్టే. చక్రాలతో పాటు తిరిగేదే ఏదో మోగుతోంది.

మళ్లీ గేరులో వేసి యాక్సిలరేటర్ నొక్కి చూశాను, వదిలి చూశాను. క్రౌన్ పళ్లు, దాన్ని తిప్పే చిన్న చక్రం పినియన్ పళ్లు అరిగితే లోడు పడినప్పుడు ఒక గొంతు, వదిలినప్పుడు ఇంకో గొంతు వినిపించడం మామూలు. మాకు తేడా ఏమీ రాలేదు. గ్యారేజీవాళ్ల మాటపై నమ్మకం అక్కడే సగం పోయింది. సగమే ఎందుకంటే, డిఫరెన్షియల్ లోపలి బేరింగు పాడైనా ఇలాగే ఒకే గొంతుతో మోగవచ్చు.

డోన్‌లో టిఫిన్‌కి ఆగాం. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఆ రెండూ కలిపి తినకుండా డోన్ దాటడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. హోటల్ పక్కనే టైర్ల షాపు ఉంది. ఆ కుర్రాడు వెనక టైర్ల మీద అరచేతిని ముందుకోసారి, వెనక్కోసారి నిమిరాడు. రబ్బరు రంపం పళ్లలా అరిగితే ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గరుకుగా తగులుతుంది. "కొంచెం ఉందన్నా, కానీ ఇంత సౌండుకు చాలదు" అన్నాడు. టైరు మోత, బేరింగు మోత చెవికి దాదాపు ఒకేలా ఉంటాయి, ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. అందుకే వెనక రెండు టైర్లను ముందుకూ, ముందువి వెనక్కూ మార్పించాను. తప్పు టైరుదైతే శబ్దం దానితో పాటు ముందుకు రావాలి. పైగా టైరు మోత రోడ్డును బట్టి మారుతుంది, కొత్త తారు మీద ఒకలా, గరుకు రోడ్డు మీద ఇంకోలా.

డోన్ దాటాక మోత వెనకే ఉంది. నున్నటి రోడ్డు మీదా అంతే, అతుకులేసిన రోడ్డు మీదా అంతే.

ప్యాపిలి దగ్గర గుట్టల మధ్య రోడ్డు వంపులు తిరుగుతుంది. అక్కడ అమ్మాయిని సీటు మధ్యలో కూర్చోబెట్టి వినమన్నాను. బండి ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రం మీదికి ఒరుగుతుంది, కుడికి తిరిగితే ఎడమ చక్రం మీదికి. ఎడమ వంపులో మోత గట్టిగా లేచింది. కుడి వంపులో దాదాపు ఆగిపోయింది. "కుడిపక్కే నాన్నా, కచ్చితంగా" అంది. చక్రం మీద బరువు అటూ ఇటూ మారడంతో డిఫరెన్షియల్ లోపలి బేరింగుకు పెద్దగా పని లేదు. మిగిలింది కుడి వెనక యాక్సిల్ బేరింగు.

గుత్తి కోట కనిపించేసరికి ఎండ ఎక్కింది. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నర్ థామస్ మన్రోను మొదట పాతిపెట్టింది ఈ ఊళ్లోనే, తర్వాత మద్రాసుకు తీసుకెళ్లారు. అమ్మాయికి ఆ కథ చెప్పాలనుకున్నాను కానీ మనసంతా చక్రం మీదే ఉంది. మా మామగారు గుత్తి డీజిల్ లోకోషెడ్‌లో పనిచేసి రిటైరయ్యారు. బండి ఆగీ ఆగగానే సంగతి చెప్పాను. మాట్లాడకుండా వంగి, ఎడమ చక్రం మధ్య భాగం దగ్గర ముంజేతి వెనకభాగం పెట్టారు, తర్వాత కుడి చక్రం దగ్గర.

"కుడిది కాగిపోతాంది అల్లుడూ. బ్రేకు పట్టేసినా ఇట్లే కాగుతాది, జాకీ ఎత్తి సూడు."

ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదిలి, కుడి వెనక చక్రాన్ని ఎత్తాం. బ్రేకు పట్టేసి లేదు, చక్రం సులువుగానే తిరిగింది. కానీ స్ప్రింగు మీద చెయ్యి పెట్టి తిప్పితే లోపల ఇసుక నలిగినట్టు గరగర వేళ్లకు తెలిసింది. పైనా కిందా పట్టుకుని ఊపితే కొంచెం ఆట, అంటే వదులు కూడా ఉంది.

"ఆటుంటే అడుగు కూడా కదలొద్దు. ఆడోళ్లను బస్సెక్కించు" అన్నారు మామ. మెల్లగా పోదామని మా ఆవిడ అడిగింది. ఆయన ఒప్పుకోలేదు, నాకూ ఆ మాటే సరి అనిపించింది. మా బండిలాంటి వాటిలో ఆ బేరింగూ, దాన్ని పట్టి ఉంచే కాలరూ పూర్తిగా పోతే యాక్సిల్ చక్రంతో సహా బయటికి జారి రావచ్చు. హైవే మీద అలా జరిగితే అదుపు చేయడానికి ఏమీ మిగలదు. తల్లీకూతుళ్లు సామాన్లతో ఆర్టీసీ బస్సులో వెళ్లారు, మేమిద్దరం గుత్తిలోనే ఆగిపోయాం.

మామకు తెలిసిన మెకానిక్ వచ్చి డ్రమ్ము విప్పాడు. లోపలంతా గేరు ఆయిల్ తడి. ఆయిల్ బయటికి కారకుండా ఆపే సీలు కూడా పోయింది, ఇంకొన్నాళ్లయితే బ్రేకు షూలు తడిసి ఆ చక్రానికి బ్రేకే ఉండేది కాదు. మోత కంటే ఆ తడి నన్ను ఎక్కువ భయపెట్టింది. యాక్సిల్ లాగి లేత్ షాపుకు తీసుకెళ్లారు. పాత కాలర్‌ను గ్రైండర్‌తో కోసి, బేరింగును ప్రెస్సు మీద ఊడదీశారు. బేరింగు లోపల గుండ్లు దొర్లే దారిలో చిన్న చిన్న గుంటలు, పొలుసులు లేచిన ఇనుము. కొత్త బేరింగు, సీలు, కాలరు అనంతపురం నుంచి బస్సులో వచ్చేసరికి సాయంత్రమైంది. డిఫరెన్షియల్ ఆయిల్ కూడా దింపి చూశాడు, అందులో ఇనుప ముక్కలు లేవు. కొత్త ఆయిల్ పోశాడు. మొత్తం ఖర్చు గ్యారేజీవాళ్లు చెప్పినదానిలో చిన్న భాగం.

ఎడమవైపు బేరింగు కూడా మార్చేద్దామా అని అడిగితే తిప్పి చూసి, "అది బాగుంది సార్, ఊరికే పీకొద్దు" అన్నాడు. ఆ మాటతో ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

పామిడి దగ్గర పెన్న వంతెన దాటాక 90కి తీసుకెళ్లాను. మామ వెనక సీట్లో కూర్చుని వింటున్నారు. టైర్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక డ్రమ్ము విప్పి సీలు కారుతోందేమో చూసుకోమని మెకానిక్ చెప్పాడు. కర్నూలు వచ్చాక ఆ పనీ చేయించాను. డ్రమ్ము పొడిగా ఉంది.